ఆట అయిపోయాక వెలిగే లైట్లు

చెయ్యాల్సిన పనులు బారెడున్నాయి. ముందుగదిలో, వంటింట్లో, నడవాలో, రెండు పడగ్గదుల్లో పాత బల్బులు విప్పి కొత్తవి బిగించాలి. వాటినన్నిటినీ ఫోనుకి కలపాలి. పొద్దున ఏ వెలుగుండాలో, మధ్యాహ్నం ఏదో, పొద్దువాలేటప్పుడు ఏదో, పడుకునే ముందు ఏదో గదిగదికీ విడివిడిగా చెప్పిపెట్టాలి. గోడ మీది స్విచ్చిలకి టేపు అతికించాలి, నాన్న చెయ్యి పడకుండా. టేపు ఎందుకో నాన్నకి చెప్పాలి. చెప్పింది ఆ చెవిన విని ఈ చెవిన వదిలేస్తాడు గనక మళ్ళీ చెప్పాలి. వీధి తలుపుకి పైన ఇంకో గడియ వేయించాలి. ఎదురింటి పిన్నిని బతిమాలుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఇదంతా అత్త కోసమని అత్తకి తెలియకూడదు. తెలిస్తే "నాకేమొచ్చిందే?" అని బల్బులన్నీ పీకించేస్తుంది.

ఇవన్నీ నెలాఖరులోగా జరిగిపోవాలి. ఊరి చివర వృద్ధుల ఆశ్రమంలో ఒక మంచం ఖాళీ అయింది. నెలాఖరు దాకా ఆగుతాం, ఈలోగా ఏ సంగతో చెప్పండి అన్నారు వాళ్ళు నాన్నతో. నాన్న ఆ మాటని ఇంటికి మోసుకొచ్చి, భోజనాల దగ్గర మింగలేక కక్కలేక కూర్చుని, చివరికి చెయ్యి కడుక్కుంటూ గోడకి చెప్పినట్టు చెప్పాడు.

"నాకు చేతకావడం లేదే అమ్మా. మొన్న అక్కని సందు చివర మందుల షాపతను చూసి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు గనక సరిపోయింది. రేపు రోడ్డు దాటితే?"

కూతురు వెంటనే కాదనలేదు. కాదనడానికి ఆమె దగ్గర మాత్రం ఏముంది? పగలంతా ఆఫీసు. "నెలాఖరు దాకా నాకొదిలెయ్ నాన్నా. కుదరకపోతే నువ్వన్నట్టే చేద్దాం" అంది. కుదరకపోతే అనే మాట తన నోటితో తనే అనేసింది.

ఆమెని ఇంట్లో అందరూ ఇంజినీరు అనే పిలుస్తారు. అది అత్త పెట్టిన పేరు. ఆ వంశంలో కాలేజీ గుమ్మం తొక్కి పట్టా చేతపుచ్చుకుని బయటికొచ్చిన మొదటి మనిషి ఆమే. పట్టా వచ్చిన రోజున అత్త భవనంలో అన్ని అంతస్తులూ ఎక్కి దిగి, ప్రతి తలుపూ కొట్టి, "మా ఇంజినీరొచ్చింది, చూద్దురుగాని రండి" అని పిలుచుకొచ్చింది. వచ్చినవాళ్ళకి చూడటానికి ఏముంది? చెమటలు కక్కుతూ సోఫా అంచున ఒక బక్కపిల్ల కూర్చుని ఉంది. అయినా అందరూ చూసి, బాగుంది బాగుంది అని వెళ్ళారు. ఇప్పుడా బక్కపిల్ల పెద్ద పెద్ద ఆఫీసు భవనాల్లో లైట్లు వాటంతటవే వెలిగి ఆరేలా చేసే కంపెనీలో పనిచేస్తోంది.

అత్త అంటే నాన్నకి అక్క. ఇంజినీరుకి ఊహ తెలియకముందే తల్లి పోతే, పిల్లని చంకనేసుకుని పెంచింది అత్తే. అత్త ఉద్యోగం సినిమాహాల్లో. గుమ్మం దగ్గర టిక్కెట్టు చించి, చీకట్లో టార్చిలైటు వేసి, జనాన్ని ఎవరి సీట్లో వాళ్ళని కూర్చోబెట్టే పని. నాన్న బస్సు డిపోలో మెకానిక్కు. ఇద్దరికీ సాయంత్రం పూటే పని కావడంతో అత్త పిల్లని కూడా హాలుకి తీసుకుపోయేది. చివరి వరుస వెనక మెట్టు మీద కూర్చోబెట్టి, పుస్తకం మీద టార్చి పెట్టేది. ఆ పిల్ల ఎక్కాలు నేర్చుకుంది ఫైటింగుల చప్పుళ్ళ మధ్య. ఆట అయిపోయే వేళకి నాన్న షిఫ్టు దిగి, సైకిలు మీద హాలు గేటు దగ్గరికొచ్చి, "అక్కా, పోదామా?" అనేవాడు. ముగ్గురూ కలిసి ఇంటికి నడిచేవాళ్ళు. సైకిలు మీద పుస్తకాల సంచీ, దాని మీద నిద్రపోతూ పిల్ల.

ఆ హాలు మూతపడి, అక్కడ సోఫాలూ మంచాలూ అమ్మే షాపొచ్చి చాలా కాలమైంది. అత్త జ్ఞాపకం కూడా ఈమధ్య అలాగే ఒక్కొక్క గదీ ఖాళీ అవుతోంది. పొద్దున్నపూట అత్త అత్తలాగే ఉంటుంది. నాన్న చొక్కాకి గుండీ ఊడితే తిడుతూ కుడుతుంది. ఇంజినీరు జడ చూసి "ఆ పీచేంటే, దువ్వెనకి నీ మీద కోపమా?" అంటుంది. పొద్దువాలి కిటికీలో వెలుగు పలచబడిందా, మనిషి మారిపోతుంది. గదిలో నీడలు సాగుతుంటే అత్త చేతులు నలుపుకుంటుంది. లేచి నిలబడుతుంది. "టైమైపోతోంది, టైమైపోతోంది, నేను వెళ్ళాలి" అంటుంది. ఎక్కడికని అడిగితే తెల్లబోయి చూసి, "నీకు తెలీదూ?" అంటుంది. ఆపబోతే ఏడుస్తుంది. ఏడిస్తే నాన్న పక్కగదిలోకి పోయి తలుపేసుకుంటాడు.

డాక్టరమ్మ మందులు రాసింది, ఒక మాట కూడా చెప్పింది. "ఈ జబ్బున్న వాళ్ళకి మునిమాపు వేళ మసక వెలుగూ నీడలూ భయం పుట్టిస్తాయమ్మా. ఆ టైములో గదులు బాగా వెలుతురుగా ఉంచి, తర్వాత మెల్లిగా తగ్గించి చూడండి. కొందరికి పనిచేస్తుంది. అందరికీ అని చెప్పను."

ఇంజినీరుకి ఆ మాట పట్టుకుంది. వెలుగుని మెల్లిగా మార్చడం తన చేతిలో పని. ఊళ్ళో వాళ్ళందరి గదులకీ చేస్తోంది, సొంత ఇంటికి చెయ్యలేదా?

ఒక ఆదివారం పొద్దున్నే నిచ్చెన వేసుకుని బల్బులన్నీ మార్చేసింది. అత్త కింద నిలబడి నిచ్చెన పట్టుకుంది.

"పాతవాటికేం రోగమే?"

"కరెంటు ఎక్కువ తింటున్నాయి అత్తా."

"నువ్వు మాత్రం ఏం తింటున్నావని, గాలికి ఊగుతున్నావు. జాగ్రత్త."

ఈ బల్బులు పొద్దున తెల్లగా, లేత నీలం కలిసినట్టు వెలుగుతాయి. మధ్యాహ్నానికి ఎండలా నిండుగా ఉంటాయి. పొద్దువాలాక తేనె రంగులోకి దిగుతాయి. ఆ మార్పు కంటికి తెలియనంత నిదానంగా జరుగుతుంది. పక్కన కూర్చుని రెప్ప వెయ్యకుండా చూసినా ఎప్పుడు మారిందో చెప్పలేం. ఒకటే చిక్కు. గోడ మీది స్విచ్చి ఎప్పుడూ వేసే ఉండాలి. స్విచ్చి ఆపితే బల్బు చచ్చినట్టే, ఫోను ఎంత అరిచినా వినిపించుకోదు.

నాన్నకేమో గదిలోంచి బయటికి అడుగు పెడుతూ లైటు ఆపడం ఊపిరి తియ్యడం లాంటిది. ఆ అలవాటు ఆయన వేళ్ళలో ఉంది, బుర్రలో లేదు. స్విచ్చిల మీద టేపు వేస్తే టేపు మీంచే నొక్కాడు. అట్ట ముక్క కట్టి పైన టేపు వేస్తే, అట్ట కింద వేలు దూర్చి మరీ నొక్కాడు.

"నాన్నా! మళ్ళీ ఆపేశావు."

"నేనా? నేనెందుకు ఆపుతాను?"

"మరి దెయ్యం ఆపిందా?"

"ఏమో, పట్టపగలు లైటు వెలుగుతుంటే దెయ్యానికైనా ఒళ్ళు మండదూ?"

అత్త సోఫాలో కూర్చుని తమ్ముణ్ణీ మేనకోడల్నీ మార్చి మార్చి చూసి, "ఒరేయ్, అది చదువుకున్నది. చెప్పిన మాట విను" అంది. ఆ తీర్పుతో నాన్న చేతులు జేబుల్లో పెట్టుకుని నడవడం మొదలెట్టాడు. ఇంట్లో ఒక గది నుంచి ఇంకో గదికి జేబుల్లో చేతులతో తిరిగే మనిషిని చూసి ఎదురింటి పిన్ని, "మీ నాన్నగారికి చలిజ్వరమా అమ్మాయ్?" అని అడిగింది.

పిన్ని సొంత పిన్ని కాదు, ఎదురు తలుపు పిన్ని. సాయంత్రాలు నాన్న డిపోకి పోయాక, ఇంజినీరు ఆఫీసు నుంచి వచ్చేదాకా అత్తకి తోడుగా ఉండేది ఆవిడే. అల్లిక సంచీ పట్టుకొచ్చి సోఫాలో కూర్చుంటుంది. అత్త మాట్లాడితే వింటుంది, లేకపోతే తనే మాట్లాడుతుంది. ఎలాగైనా గదిలో మాట ఆగదు.

మొదటి మూడు రోజులూ అద్భుతంగా నడిచింది. అత్త గదిలో తెల్లవారుతుంటే బల్బు కూడా తెల్లవారింది. అత్త చిరాకు లేకుండా లేచింది. సాయంత్రం కిటికీ పరదాలు ముందే మూసేశారు. బయట పొద్దువాలినా లోపల నిండు మధ్యాహ్నం. పిన్ని అల్లుకుంటూ ఉంటే అత్త నూలు ఉండ పట్టుకుని కూర్చుంది. టైమైపోతోందని ఒక్కసారైనా అనలేదు. ఇంజినీరు ఇంటికొచ్చి ఆ దృశ్యం చూసి, చెప్పులు విప్పడం మర్చిపోయి గుమ్మంలోనే నిలబడిపోయింది. నాన్న రాగానే చెవిలో చెప్పింది. నాన్న ఆ పూట ఇంకో ముద్ద ఎక్కువ తిన్నాడు.

అయితే ఇల్లు అలకగానే పండగ కాదు. లైట్లు ఎంతసేపని మధ్యాహ్నంలా ఉంటాయి? నిద్రపట్టాలంటే ఎప్పుడో ఒకప్పుడు తగ్గాలిగా. భోజనాల వేళకి అవి తగ్గడం మొదలయ్యేవి. తెలుపు పోయి పసుపు, పసుపు పోయి తేనె, తేనె కూడా పలచబడి పలచబడి. ఆ రోజుల్లో అత్త భోజనం చేసిన వెంటనే పడుకునేది గనక ఆ తగ్గడం చూడలేదు. నాలుగో నాడు మేలుకుని ఉంది.

ఇంజినీరు వంటింట్లో గిన్నెలు సర్దుతోంది. ముందుగదిలోంచి పిన్ని గొంతు వింతగా వినిపించింది.

"అమ్మాయ్, కాస్త ఇలా రా. మీ అత్త నన్ను టిక్కెట్టు అడుగుతోంది."

వెళ్ళి చూస్తే అత్త సోఫా పక్కన నిలబడి ఉంది. వెన్ను నిటారుగా ఉంది. చేతిలో బీరువా అడుగున ఎప్పటినుంచో పడున్న పాత టార్చి. దానిలో బ్యాటరీలు లేవు. అయినా వెలుగుతున్నట్టే నేల వైపు వంచి పట్టుకుంది.

"టిక్కెట్టేదమ్మా? త్వరగా, బొమ్మ పడబోతోంది."

పిన్ని అల్లిక సంచీలో వెతికి, దొరికిన కాగితం ముక్క ఇచ్చింది. అత్త సగానికి చించి సగం తిరిగిచ్చి, "అక్కడ కాదు, ఇటు చివర మీది" అని సోఫా ఈ చివర్నుంచి ఆ చివరికి జరిపి కూర్చోబెట్టింది. పిన్ని జరిగి కూర్చుంది. "సీటు బానే ఉంది, బొమ్మే కనపట్టం లేదు" అని ఇంజినీరు వైపు కన్నుగీటింది. అత్త మాత్రం నవ్వలేదు. గుమ్మం వైపు నడిచి, గడియ తడుముకుంటూ, "ఆలస్యంగా వచ్చేవాళ్ళుంటారు. తలుపు తియ్యండి. ఎవరు మూశారీ తలుపు?" అంది. తియ్యలేక కంగారు పడింది. కంగారు ఏడుపైంది. ఆ పూట అత్తని పడుకోబెట్టేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

లైట్లు తగ్గడం ఇంకా తొందరగా ఉందేమో, కంటికి ఆనుతోందేమో అనుకుంది ఇంజినీరు. తనకి తెలిసిన విద్య అది. మర్నాడు కూర్చుని ఆ దిగడాన్ని ఇంకా సాగదీసింది, ఇంకా నునుపుగా చేసింది. ఆఫీసులో చూపిస్తే పై అధికారి భుజం తట్టేంత చక్కగా వచ్చింది. దానితో అత్త ఇంకా ముందే లేచింది. సాగదీసినకొద్దీ ఇంకా ఎక్కువసేపు గుమ్మం దగ్గర నిలబడింది. ఒకసారి లైట్లు బొత్తిగా తగ్గించకుండా వదిలేసి చూసింది. అత్త కళ్ళు మిటకరిస్తూ మంచం మీద దొర్లుతూనే ఉంది, మర్నాడంతా మనిషి మనిషిలో లేదు.

ఆ మర్నాటి సాయంత్రమే అసలు సంగతి జరిగింది. ఇంజినీరుకి ఆఫీసులో పని తెమల్లేదు. పిన్ని పొయ్యి మీద ఏదో పెట్టానని తలుపు చేరవేసి తన ఇంట్లోకి వెళ్ళింది. పైగడియ వెయ్యడం మరిచింది. మళ్ళీ ముందటిలాగే పెట్టిన లైట్లు దిగడం మొదలెట్టాయి. పిన్ని తిరిగొచ్చేసరికి అత్త లేదు.

పిన్ని నెత్తి బాదుకుంటూ మెట్ల మీదికి పరిగెత్తే వేళకి, నాన్న డిపో నుంచి వస్తూ కింద భవనం గేటులో అడుగుపెట్టాడు. గేటు పక్కన చీకట్లో ఒక చెయ్యి ముందుకొచ్చింది. వెలగని టార్చి ఆయన కాళ్ళ ముందు నేలకి వంగింది.

"బొమ్మ మొదలైంది. మెట్టుంది, చూసుకుని అడుగెయ్యండి."

ఆయన అడుగెయ్యలేదు. అక్కడే నిలబడిపోయాడు. అత్త కాళ్ళకి చెప్పుల్లేవు. గేటుకి అవతల రోడ్డు మీద బస్సులు పోతున్నాయి, వాటిలో సగం ఆయన చేత్తో బాగుచేసినవే.

ఇంజినీరు వచ్చేసరికి నాన్న ముందుగదిలో కూర్చుని ఉన్నాడు. పక్కన పిన్ని కళ్ళొత్తుకుంటోంది. "నాదే తప్పు అమ్మాయ్" అంది. "మీరు లేకపోతే మాకు సాయంత్రాలే లేవు పిన్నీ, మీరు లేవండి" అని ఇంజినీరు ఆవిడని ఇంటికి పంపింది.

"రేపు ఆశ్రమానికి ఫోన్ చేసి వస్తామని చెప్పేస్తాను" అన్నాడు నాన్న. "నీ లైట్లని తప్పు పట్టట్లేదు తల్లీ. నువ్వు చెయ్యగలిగింది చేశావు. కానీ లైట్లతో ఆగే జబ్బు కాదిది. నాకు అక్క కావాలి. బతికుండాలి. ఎక్కడున్నా సరే."

ఆమె ఆయన పక్కన కూర్చుంది. "రేపు సాయంత్రం దాకా ఆగు" అని మాత్రం అడిగింది. ఆయన తలూపాడో లేదో కూడా తెలియలేదు.

మర్నాడు సెలవు పెట్టింది. పొద్దున అత్త అత్తలాగే ఉన్న వేళ, పక్కన కూర్చుని తల అత్త ఒళ్ళో పెట్టింది. అత్త చెయ్యి దానంతటది జుట్టులోకి పోయింది.

"అత్తా, హాల్లో ఆట మొదలయ్యేముందు లైట్లెలా ఆర్పేవాళ్ళు?"

"ఒక్కసారిగా ఆర్పితే జనం అరవరూ? మెల్లిగా తగ్గించేవాళ్ళు. మా హాల్లో ఉన్నంత నిదానం ఊళ్ళో ఇంకే హాల్లోనూ లేదు. అలా దిగుతుంటే ఎక్కడివాళ్ళక్కడ మాటలాపేసేవాళ్ళు. నేను టార్చి తీసుకుని గుమ్మంలో నిలబడేదాన్ని."

ఇంజినీరు కళ్ళు మూసుకుంది. చివరి వరుస వెనక మెట్టు, మోకాళ్ళ మీద పుస్తకం, నెత్తిన గోడల మీది లైట్లు తేనె రంగులోకి దిగడం. తనకి తెలియకనా? ఎన్ని సాయంత్రాలు చూసింది! చూసి చూసి, పెద్ద చదువు చదివి, సరిగ్గా అదే దిగడాన్ని తెచ్చి ఈ ముందుగదిలో పెట్టింది. పొద్దువాలడం అత్తకి ఉద్యోగానికి పిలుపు. లైట్లు తగ్గడం ఉద్యోగం మొదలు. అత్త పిచ్చిగా తిరగడం లేదు, డ్యూటీకి పోతోంది.

"మరి ఆట అయిపోయిందని నీకెలా తెలిసేది?"

"ఏం ప్రశ్నే అది? లైట్లొచ్చేవి. మెల్లిగా మళ్ళీ పైకి. జనం లేచిపోయేవాళ్ళు. నేను వరుసవరుసా చూసుకునేదాన్ని, గొడుగులూ రుమాళ్ళూ ఏవో ఒకటి వదిలేసి పోతారు మహానుభావులు. అవన్నీ ఏరి, ఒక్కో వైపు లైట్లు నేనే ఆర్పుకుంటూ వచ్చి, గుమ్మం దాటితే..."

"దాటితే?"

"మీ నాన్న ఉండేవాడుగా." అత్త నవ్వింది. "ఏ వానకైనా వచ్చేవాడు, పిచ్చి సన్నాసి."

ఇంజినీరు లేచి కూర్చుంది. ఈ ఇంట్లో రోజూ ఆట మొదలవుతోంది. అయిపోవడమే లేదు. లైట్లు దిగడమే గాని తిరిగి రావడం లేదు. అయిపోయిందని ఎవరూ చెప్పకుండా ఏ మనిషి మాత్రం పని వదిలి ఇంటికి పోతుంది?

ఆ పగలంతా కూర్చుని చెప్పిపెట్టినదాన్ని చెరిపేసి మళ్ళీ చెప్పింది. పొద్దున్నా మధ్యాహ్నమూ ఉన్నట్టే ఉంచింది. సాయంత్రాన్నే తిరగేసింది. మునిమాపు వేళ ముందుగది మెల్లిగా సగానికి దిగుతుంది. అత్త లేస్తే లేవనీ, టిక్కెట్లు చించనీ. భోజనాలయ్యాక లైట్లు అంతే మెల్లిగా పైకి లేస్తాయి. ఆట అయిపోయింది. తర్వాత ఆరిపోవడం అత్త చేతిలో ఉండాలి. ప్రతి గుమ్మం పక్కనా, అత్త చెయ్యందే ఎత్తులో, అగ్గిపెట్టంత మీట ఒకటి అతికించింది. అది నొక్కి అత్త గది దాటాకే ఆ గది వెలుగు తగ్గుతుంది. వెలుగు తగ్గడం ఇంక అత్త కంటపడకూడదు, వీపు వెనకే జరగాలి. లేకపోతే రెండో ఆట మొదలైందనుకుంటుంది. టార్చిలో కొత్త బ్యాటరీలు వేసింది.

చివరి పని ఫోనుకి చెప్పేది కాదు. నాన్నకి ఫోన్ చేసింది.

"నాన్నా, ఇవాళ కాస్త ముందు రాగలవా? నువ్వు ఒక మాట అనాలి."

"ఏ మాట?"

చెప్పింది. అవతల డిపోలో ఎవరో ఇనుము మీద ఇనుముతో కొడుతున్నారు. "వస్తాను" అన్నాడు.

ఆ సాయంత్రం లైట్లు దిగుతుంటే అత్త లేచింది. టార్చి తీసుకుంది. ఈసారి అది నిజంగా వెలిగేసరికి ఒక్క క్షణం దాని వైపు చూసి, సంతృప్తిగా తలూపింది. పిన్ని ముందే కాగితం ముక్క చేతిలో పట్టుకుని సిద్ధంగా నిలబడింది.

"మూడో సీటు ఇవ్వమ్మా, మొన్న చివర్లో మెడ నొప్పెట్టింది" అంది.

"రాసున్న సీటే ఇస్తాం" అంది అత్త ఖచ్చితంగా.

ఇంజినీరుకీ ఒక టిక్కెట్టు చిరిగింది. ఇద్దరూ సోఫాలో కూర్చుని, కనపడని బొమ్మ వైపు చూస్తూ, అక్కడే కంచాలు పట్టుకుని తిన్నారు. అత్త చేత కూడా నిలబెట్టే నాలుగు ముద్దలు తినిపించారు. మధ్యలో పిన్ని గట్టిగా ఏదో అంటే అత్త "ష్" అంది. ఇంజినీరు పరదా వైపు చూస్తూ కూర్చుంది. ఇక్కడ తప్పితే ఇంకో సాయంత్రం లేదు.

లైట్లు లేవడం మొదలెట్టాయి. తేనె చిక్కబడి పసుపైంది, పసుపు తెలుపైంది. గది మూలలు ఒక్కొక్కటీ బయటికొచ్చాయి. అత్త చుట్టూ చూసింది. భుజాలు దిగాయి. అది ఇంజినీరు చూసింది. ఎన్ని నెలలుగానో పైకి బిగుసుకున్న ఆ రెండు భుజాలూ కిందికి దిగాయి.

"అయిపోయింది, పదండి పదండి. తోసుకోకండి" అంది అత్త.

పిన్ని బుద్ధిగా లేచింది. అత్త సోఫా దిండ్లు ఒక్కొక్కటీ ఎత్తి చూసింది. రెండో దిండు కింద కళ్ళజోడు దొరికింది. "చూశావా, ఎవరిదో పాపం. ఇల్లు చేరితే గాని గుర్తురాదు" అంది. మొన్నటినుంచి ఇల్లంతా గాలిస్తున్న తన కళ్ళజోడు చూసి పిన్ని నోరు తెరిచి, ఇంజినీరు మోచేయి తగిలి మూసుకుంది. అత్త ముందుగది గుమ్మం దగ్గర ఆగి, చెయ్యి అలవాటుగా గోడ మీదికి పోగా, మీట నొక్కింది. ముందుకి నడిచింది. వెనక గది మెల్లిగా చీకటైంది. వంటిల్లు. నొక్కింది, నడిచింది. నడవా చివర తన పడగ్గది గుమ్మం. అక్కడ నాన్న నిలబడి ఉన్నాడు. డిపో చొక్కా విప్పలేదు. చేతులకి గ్రీజు ఉంది. అక్కకి ఎదురుగా ఒక అడుగు వేశాడు.

"అక్కా, పోదామా?"

అత్త టార్చి ఆయన మొహం మీదికి వెయ్యలేదు. ఎవరి మొహం మీదా వెయ్యకూడదు, అది హాలు పద్ధతి. కాళ్ళ దగ్గర వేసింది. "వచ్చావా? ఇవాళ జనం ఎక్కువ. పద" అని నడవా మీట నొక్కి, టార్చి ఆపి, తమ్ముడి చెయ్యి పట్టుకుంది. మంచం దాకా నడిచారు. అదే వాళ్ళిద్దరికీ ఆ పాత దారంతా. పడుకోబెట్టి దుప్పటి కప్పుతుంటే, "పిల్ల నిద్రపోయిందా?" అని అడిగింది. నాన్న గుమ్మంలో ఉన్న కూతుర్ని చూశాడు. "పోయింది అక్కా, సైకిలు మీదే" అన్నాడు. అత్త కళ్ళు మూసుకుంది. అప్పుడు నాన్న ఆ గది మీట తనే నొక్కాడు. చేతులు జేబుల్లో పెట్టుకుని తిరిగిన మనిషికి ఇన్నాళ్ళకి ఒక స్విచ్చి దొరికింది.

బయటికొచ్చి వంటింట్లో చేతుల గ్రీజు కడుక్కున్నాడు. తర్వాత, "డిపోలో పొద్దున షిఫ్టు అడుగుతాను. సాయంత్రం నేను లేకపోతే ఆట అయిపోదు గదా" అన్నాడు. నెలాఖరుకి ఆశ్రమం వాళ్ళకి ఫోన్ చేసింది కూడా ఆయనే. ఆ మంచం అవసరమైన వాళ్ళకెవరికైనా ఇవ్వండి, మా అక్కకి ఇంకా డ్యూటీ ఉంది అన్నాడు.

లైట్లు జబ్బుని నయం చెయ్యలేదు. అలా అని రాస్తే అబద్ధమవుతుంది. కొన్ని సాయంత్రాలు ఆట సరిగా నడవదు. అత్త కొన్నిసార్లు తమ్ముణ్ణి కూడా టిక్కెట్టు అడుగుతుంది. ఏదో ఒక రోజు టార్చి ఎందుకో కూడా మర్చిపోవచ్చు. ఆ సంగతి ఇంజినీరుకి తెలుసు, నాన్నకీ తెలుసు. కానీ చాలా సాయంత్రాలు ఆట మొదలవుతుంది, అయిపోతుంది, పని చేసిన మనిషి ఇంటికొచ్చి పడుకుంటుంది. ఇంతకన్నా ఏ మనిషికైనా ఏం కావాలి?

మీరెప్పుడైనా ఆలస్యంగా సినిమాకి పోయి, చీకట్లో మెట్టు తెలియక తడుముకుంటున్నప్పుడు, ఎవరి చేతిదో ఒక చిన్న వెలుగు మీ కాళ్ళ ముందు పడి ఉంటుంది. మీరు సీటు దొరికించుకుని బొమ్మలో పడిపోయి ఉంటారు, వెనక్కి తిరిగి చూసి ఉండరు. ఏ బొమ్మ మొదలూ పూర్తిగా చూడకుండానే బతుకంతా హాల్లో గడిపిన మనిషి ఆవిడ. ఈసారి ఎక్కడైనా లైట్లు మెల్లిగా తగ్గుతుంటే, ఒక్క క్షణం ఈ అత్తని తలుచుకోండి.